కెమెరాలో ఇంటి వాటా

మా వీధిలో కడోవాకి గారి గురించి చెప్పుకునే మాట ఒకటుంది. ఊళ్లో పుట్టిన ప్రతి బిడ్డకీ, పెళ్లయిన ప్రతి జంటకీ ఫొటో తీసిన మనిషి, సొంత భార్య పోతే పటం కట్టించడానికి ఒక్క ఫొటో లేక దిక్కులు చూశాడట. పన్ను తగ్గుతుందని కెమెరా మొత్తం షాపు ఖర్చులో రాసుకుని, ఒక్కసారి కూడా దాన్ని ఆవిడ వైపు తిప్పలేదట. చివరికి ఆవిడ డ్రైవింగ్ లైసెన్సు మీది తపాలాబిళ్లంత బొమ్మని పెద్దది చేయించి చామంతుల మధ్య పెట్టాడట.

ఈ మాట మొదట అన్నది చేపల కొట్టు యొనెహరా అత్త. ఆవిడ చెడ్డ మనిషి కాదు. పీతల కాలంలో ఆ కొట్టు ముందు ఎప్పుడూ జనం వరసలో నిలబడి ఉంటారు కాబట్టి, ఆవిడ ఏం చెప్పినా వినేవాళ్లకి లోటుండదు. నేను విన్నదీ అక్కడే. పక్క ఊరి నుంచి వచ్చిన ఒకావిడ, "అలాంటి మగాళ్లు కూడా ఉంటారా" అంది. "ఎందుకుండరమ్మా. అదిగో, ఆ గాజు కిటికీ కొట్టులో ఉన్నాడు చూడు" అని యొనెహరా అత్త చేపలు కోసే కత్తితోనే చూపించింది. నేను నా పొట్లం తీసుకుని వచ్చేశాను. పదిమందిలో నాకు నోరు పెగలదు. బడి మధ్యలో ఆగిపోవడానికి అది కూడా ఒక కారణం.

బడి మానేశాక నన్ను మా పిన్ని మసుయె తన దగ్గర పెట్టుకుంది. పిన్నిది జుట్టు కత్తిరించే షాపు. కిమోనోలు కట్టడం, పెళ్లికూతుళ్లకి జుట్టు ముడవడం కూడా చేస్తుంది. ఎదురుగా కడోవాకి ఫొటో స్టూడియో. పిల్లల పండగకో, ఇరవయ్యో ఏటి వేడుకకో వచ్చేవాళ్లు ముందు మా దగ్గర ముస్తాబై, వీధి దాటి ఆ స్టూడియోకి వెళ్తారు. వాళ్ల వెనక నడికట్టు పట్టుకుని, పిన్నులూ దువ్వెనా ఉన్న డబ్బా మోసుకుని వెళ్లడం నా పని. అలా ఆ ఇంటిని ఏళ్ల తరబడి చూశాను. ఎక్కువ మాట్లాడని మనిషిని చూసి జనం తమ మాటలు ఆపరు.

కడోవాకి గారు పొడుగ్గా, కొంచెం వంగి ఉంటారు. మాట మెత్తన. ఆయన భార్య తొమియె పెద్దమ్మ పొట్టిగా, నిటారుగా ఉండేది. ఫొటోలు ఆయనవి, షాపు ఆవిడది అనేవాళ్లు వీధిలో. లెక్కలు, పన్ను కాగితాలు, వచ్చిన పిల్లల ఏడుపులు ఆపడం, గోడకి వేలాడే తెరలు మార్చడం, అన్నీ ఆవిడే. వాళ్లకి పిల్లలు లేరు.

మా వీధిలో ఫిబ్రవరి అంటే మంచు, దానితోపాటు రసీదులు. ఏడాదంతా బిస్కెట్ల డబ్బాలో పడేసిన కాగితాలు అప్పుడు బయటికి వస్తాయి. లెక్కలు పుస్తకంలో రాసుకుని, నీలి రిటర్ను అనే పన్ను కాగితం వేసే చిన్న వ్యాపారుల సంఘానికి వీధి చివర మేడ మీద ఒక గది ఉంది. కిరోసిన్ పొయ్యి చుట్టూ కూర్చుని అందరూ తమ కాగితాలు రాసుకుంటారు, సంఘం గుమాస్తా ఒగినో గారు తప్పులు చూసిపెడతారు. కొట్టూ ఇల్లూ ఒకే కప్పు కింద ఉన్నవాళ్లం కాబట్టి, ప్రతిదానికీ ఇది పనికెంత, ఇంటికెంత అని తేల్చి రాయాలి. కరెంటు, బండి, ఫోను, టీవీ. పనికి వాడిన వాటానే ఖర్చులో పడుతుంది. ఇంటి వాటా మన జేబులోదే, దానికి పన్ను తగ్గదు. ఆ తేల్చుకోవడం దగ్గరే గొడవంతా, నవ్వులన్నీ.

"మసుయె గారూ, మీ టీవీలో ఇంటి వాటా ఎంత వేయమంటారు?" అని ఒగినో గారు అడిగారు ఒకసారి.

"ఇంటి వాటా ఏముంది. జుట్టుకి రంగు వేయించుకునేవాళ్లు చూస్తారు" అంది పిన్ని.

"మధ్యాహ్నం నాటకం వచ్చే వేళకి నీ తలుపు మీద 'మూసి ఉంది' బోర్డు తిరిగిపోతుందే" అంది యొనెహరా అత్త.

"అప్పుడు నాటకంలో ఆడవాళ్ల జుట్టు ముడులు చూసి నేర్చుకుంటా. అదీ పనేగా. నీ సంగతి చెప్పు, ఫోనులో పొద్దస్తమానం మీ ఆయనతోనే కదా."

"అదీ పనే. మా ఆయనతో ముచ్చటకి ఎవరు మాట్లాడతారే? చేపలు వచ్చాయా, మంచు దొరికిందా, ఎక్కడ చచ్చావు, అంతే. వందకి వంద వ్యాపారం."

గది ఘొల్లుమంది. ఒగినో గారు కళ్లజోడు తీసి తుడుచుకుని, సగానికి సగం రాసి, ఇద్దరినీ ఊరుకోబెట్టారు. తర్వాత తొమియె పెద్దమ్మ వంతు వచ్చింది. కరెంటులో ఇంత, నీళ్లలో ఇంత అని ఆవిడ ముందే పెన్సిలుతో రాసుకొచ్చింది.

"కెమెరా?"

"వందకి వంద."

ఎవరూ నవ్వలేదు. ఆవిడ చెప్పిందంటే అది అంతే. ఆవిడ విషయంలో అది ముమ్మాటికీ నిజమని అక్కడున్న అందరికీ తెలుసు.

ఆ వంద వెనక ఒక కథ ఉంది. నేను రాకముందు జరిగింది. పిన్ని చెప్పింది, తర్వాత కడోవాకి గారి నోట కూడా విన్నాను.

ఫిలిం పోయి కొత్తరకం కెమెరాలు వచ్చిన రోజుల్లో కడోవాకి గారు పాతవన్నీ మార్పిడికి ఇచ్చేసి ఒక మంచి కెమెరా కొన్నారు. కొన్న వేసవిలో ఇద్దరూ కొండకొమ్ము దగ్గరి దీపస్తంభం చూడ్డానికి వెళ్లారు. సముద్రపు గాలికి జుట్టంతా చెదిరి, ఒక చేత్తో టోపీ పట్టుకుని, తొమియె పెద్దమ్మ పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్న ఫొటో తీశారు. అది ఎంత బాగా వచ్చిందంటే, పెద్దది చేసి షాపు కిటికీలో పెట్టారు. వీధిలో అందరూ ఆగి చూసేవాళ్లట. మరుసటి ఏడు చలికాలంలో పన్నుల ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు. చాలా మర్యాదస్తుడు, పెట్టిన టీ కూడా ముట్టుకోలేదు. లెక్కలన్నీ చూసి, శుభ్రంగా ఉన్నాయని మెచ్చుకుని, చెప్పులు వేసుకుంటూ కిటికీ వైపు చూశాడు.

"ఈ ఫొటో చాలా బాగుందండీ. ఆ కెమెరాతో తీసిందేనా?"

"అవునండీ" అంది తొమియె పెద్దమ్మ సంబరంగా.

"అయితే ఇంట్లోకీ వాడతారన్నమాట. ఈసారి కొద్దిగా ఇంటి వాటా తీసి రాస్తే సరిపోతుందండీ."

అంతే ఆయన అన్నది. రిటర్ను దిద్ది వేశారు, కట్టాల్సిన తేడా కూడా పెద్దదేం కాదు. కానీ ఆవిడకి ముఖం చెల్లలేదు. ఆఫీసు మనిషి వచ్చి వెళ్లాడని వీధంతా తెలిసింది. ఎందుకొచ్చాడో ఎవరికి తోచింది వాళ్లు చెప్పుకున్నారు. మామూలు మనిషైతే ఆ తర్వాతి ఏడు కెమెరాకి తొంభై అని రాసి, నవ్వుకుంటూ ఫొటోలు తీయించుకునేది. కడోవాకి గారు అదే అన్నారట.

"తొంభై రాయి తొమియె. పది ఇంటికనుకో. పోయేదేముంది?"

"వంద అని రాసి వచ్చాం కదా మొదట. ఆ రాసినదానికి తగ్గట్టే ఉందాం" అందట ఆవిడ.

అంకెని బతుక్కి తగ్గట్టు దిద్దుకోవచ్చు. ఆవిడ బతుకుని అంకెకి తగ్గట్టు దిద్దింది. మా వీధి మనుషులు మాత్రమే చేయగల తప్పు అది. కొత్త సంవత్సరం అలంకారాలు తీసి గుడి దగ్గర మంటలో వేసే రోజున, అందరూ తాళ్లూ కొమ్మలూ పట్టుకుని వెళ్తే, ఆవిడ కిటికీలోని ఆ దీపస్తంభం ఫొటో కూడా చుట్టి పట్టుకెళ్లి వేసేసింది. కెమెరా పట్టీకి నీలం గుడ్డముక్క కుట్టి, దాని మీద 'షాపు' అని సిరాతో రాసింది. కెమెరా మధ్యలో ఒకసారి మారింది. నీలం ముక్క కొత్తదానికి వచ్చింది, వందా వచ్చింది.

ఆవిడ వైపు కెమెరా ఒక్కసారీ తిప్పలేదన్న మాట అబద్ధం. నేను చూశాను. ప్రతి ఫొటోకీ ముందు, వచ్చినవాళ్లు అద్దంలో చూసుకుంటూ ఉండగా, తొమియె పెద్దమ్మ వెళ్లి ఆ స్టూలు మీద కూర్చునేది. వెలుతురు సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి బూడిదరంగు అట్ట ఒకటి గడ్డం కింద పట్టుకునేది. ఆయన రెండు మూడు సార్లు నొక్కి, దీపాలు అటూ ఇటూ జరిపి, "సరే" అనేవారు. ఆవిడ లేచి, స్టూలు మీద దుమ్ము లేకపోయినా చేత్తో ఒకసారి తుడిచి, పెళ్లికూతురినో పసిపిల్లనో కూర్చోబెట్టేది. అలా ఊరందరికంటే ఎక్కువసార్లు ఆ కెమెరా ముందు కూర్చున్నది ఆవిడే.

సాయంత్రం షాపు మూశాక ఆవిడ ఆ రోజు ఫొటోలన్నీ చూసి, తనవి ఒక్కొక్కటే చెరిపేసేది. ఒకసారి నేను మర్చిపోయిన తల పిన్నుల కోసం వెళ్తే అదే పనిలో ఉంది.

"ఒకటి ఉంచవోయ్" అన్నారు కడోవాకి గారు, దీపాలకి గుడ్డలు కప్పుతూ.

"ఎందుకు?"

"వెలుతురు చూసుకోవడానికి తీసినవి. అవీ పనివే కదా."

"పనివే. పని అయిపోయింది, తీసేస్తున్నాను. ఉంచుకుంటే సొంతం అవుతుంది" అంది ఆవిడ తల ఎత్తకుండా. తర్వాత నన్ను చూసి, "చీ, మీ పిన్ని టీవీలో ఈ వారం ఎవరు ఎవర్ని వదిలేశారు?" అని అడిగింది. నా పేరు చినాత్సు. చీ అని పిలిచేది.

"డాక్టరు ఆ నర్సుని" అన్నాను.

"అనుకున్నా. చొక్కా ఇస్త్రీ చేసుకోని మగాడిని నమ్మకూడదు" అంది. కడోవాకి గారు తన చొక్కా వైపు చూసుకున్నారు. ఆవిడ నవ్వింది.

పోయినేడు నవంబరులో, పిల్లల పండగ రోజుల్లో, ఒక మూడేళ్ల పిల్లకి ఎర్ర కిమోనో కట్టి తీసుకెళ్లాను. ఆ రోజు పొద్దున్నుంచీ తొమియె పెద్దమ్మ మెడ నొప్పిగా ఉందని పట్టుకుని తిరుగుతోంది. అయినా వెళ్లి స్టూలు మీద కూర్చుని అట్ట పట్టుకుంది. ఆయన నొక్కుతుండగా ఆ పిల్ల తన తలలోని పూలగుత్తి లాగి పడేసింది. ఆవిడ స్టూలు మీంచే నాతో, "చీ, అది తినేస్తుంది చూడు, తినేస్తుంది" అంది. నేను పరుగెత్తి తీశాను. ఫొటోలు బాగా వచ్చాయి. పిల్ల తల్లిదండ్రులు వెళ్లిపోయారు. ఆవిడ తెర చుట్టబోయి, గోడకి చెయ్యి ఆనించి, "ఏవండీ, దీపం తగ్గించారా?" అని అడిగింది. ఆయన తగ్గించలేదు. ఆవిడ అలాగే కూర్చుండిపోయింది. ఆంబులెన్సు వచ్చింది. ఆసుపత్రిలో మళ్లీ కళ్లు తెరవలేదు. మెదడులో నరం చిట్లిందన్నారు.

ఇంటికి తెచ్చాక జుట్టు సవరించడానికి పిన్ని వెళ్లింది, నేను దువ్వెన పట్టుకుని వెనకాల వెళ్లాను. లోపలి గదిలో ఆవిడ పడుకుని ఉంది. అగరొత్తుల వాసన. బల్ల దగ్గర కడోవాకి గారు, ఆవిడ తమ్ముడు, అంత్యక్రియలు చూసుకునే సంస్థ నుంచి వచ్చిన నల్ల కోటు కుర్రాయన.

"పటానికి ఫొటో ఒకటి ఇవ్వాలండీ. సాయంత్రానికల్లా ఉంటే రేపటికి సిద్ధం చేస్తాం" అన్నాడు అతను. స్టూడియో యజమాని ఇంట్లో ఆ సంగతి అడగాల్సిన పనే లేదన్నట్టు తేలిగ్గా అన్నాడు.

కడోవాకి గారు ఆరిపోతున్న అగరొత్తు పక్కన కొత్తది గుచ్చారు.

"ఏది బాగుంటే అది ఇవ్వండి. ఎక్కువ ఉంటే ఎంచడం కష్టమే."

"లేదండీ" అన్నారు ఆయన.

పిన్ని దువ్వుతున్న చెయ్యి ఆపింది. "లేదంటారేంటి? ఊళ్లో ప్రతి పిల్లాడి ముఖమూ మీ దగ్గరుంది. ఈవిడది లేదా?"

"ఉంచనివ్వలేదు మసుయె గారూ."

పిన్ని తన ఫోను తీసింది. వీధివాళ్లం వేడినీళ్ల ఊటలకి వెళ్లినప్పటి ఫొటోలు ఒక్కొక్కటే జరిపింది. తొమియె పెద్దమ్మ ఎప్పుడూ అందరి సంచులూ పట్టుకుని పక్కన నిలబడేది. ఒకదాంట్లో మోచెయ్యి ఉంది. ఒకదాంట్లో వీపు. ఒకదాంట్లో ముఖం ఉంది కానీ యొనెహరా అత్త చెయ్యి అడ్డం వచ్చింది. తమ్ముడు పెళ్లినాటి ఫొటో తెచ్చాడు. నల్ల కోటు కుర్రాయన రెండు చేతులతో దాన్ని అందుకుని, "చాలా అందంగా ఉన్నారండీ. కానీ వచ్చేవాళ్లు ఎవరో అనుకుంటారేమో" అన్నాడు మెల్లగా. తర్వాత తమ్ముడు ఆవిడ సంచి వెతికి డ్రైవింగ్ లైసెన్సు తీసి బల్ల మీద పెట్టాడు. దాన్ని పెద్దది చేయొచ్చు, కొంచెం మసకగా వస్తుంది, కానీ చేయొచ్చు, అన్నాడు కుర్రాయన.

సరిగ్గా అప్పుడే యొనెహరా అత్త అన్నం ముద్దల పళ్లెం పట్టుకుని వచ్చింది. కడోవాకి గారి ముందు పళ్లెం పెట్టి, లైసెన్సు వైపు చూసి, ఆయన వైపు చూసి, కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది. ఆవిడ చూసింది అంతవరకే.

కడోవాకి గారు లైసెన్సుని చేతిలోకి తీసుకున్నారు. వేలితో దాని మీద వెలుగు పడకుండా అడ్డు పెట్టుకుని చూశారు. అది ఆయనకి అలవాటు.

"ఇది వేరే ఎవరో తీసింది" అన్నారు.

అది ఆయన ఎవరితో అన్నారో తెలియదు. మొగుడికి ఫొటోలు తీయడమే పని అయినా, పెళ్లాం ముఖానికి చివరికి మిగిలింది లైసెన్సు ఆఫీసులోని ఎవరో నొక్కినది. ఆ ఇంట్లో ఆ మధ్యాహ్నం ఇంకేమీ అక్కర్లేదు, ఆయన తీసిన ఒక్క ఫొటో తప్ప.

నేను బల్ల దగ్గరికి జరిగాను.

"పెద్దమ్మ ఆ రోజు సాయంత్రం..." అన్నాను. అందరూ నావైపు తిరిగారు. తల దించుకుని మిగతాది చెప్పాను. "ఆ రోజు సాయంత్రం చెరపలేదు కదా. కెమెరా అలాగే ఉందేమో."

కడోవాకి గారు లేచి స్టూడియోలోకి వెళ్లారు. ఎంతకీ తిరిగి రాలేదు. పిన్ని నా భుజం తట్టి, వెళ్లి చూడమని సైగ చేసింది. ఆయన స్టూలు పక్కన నిలబడి, కెమెరా వెనక ఉండే చిన్న తెర చూస్తున్నారు. ఎర్ర కిమోనో పిల్ల ఫొటోలు వెనక్కి జరుపుతూ మొదటికి వెళ్లారు. అక్కడ ఉంది. ఒకదాంట్లో ఆవిడ కళ్లు మూసుకుంది. ఇంకోదాంట్లో అట్ట గడ్డం కింద పట్టుకుని తిన్నగా చూస్తోంది. మూడోది, నాతో మాట్లాడుతున్నప్పటిది. అట్ట కొంచెం కిందికి జారింది, కళ్లు పక్కకి తిరిగాయి, నోరు సగం తెరుచుకుని ఉంది, నవ్వు ఇంకా ముఖం నిండా రాలేదు.

"అది తినేస్తుంది చూడు" అన్నారు కడోవాకి గారు, తెర వైపే చూస్తూ. ఆయనకీ గుర్తుంది.

ఆయన కెమెరా తెచ్చి బల్ల మీద పెట్టారు. అందరూ చూశారు. తమ్ముడు ముఖం తిప్పుకున్నాడు.

"ఆవిడ చూసి ఉంటే చెరిపేసేది" అన్నారు కడోవాకి గారు. వేలు ఇంకా బొత్తం దగ్గరే ఉంది. నాకు భయం వేసింది. ఇన్నేళ్ల అలవాటు, ఆయన ఆవిడ మాటే వింటారేమో అనిపించింది.

"చెరిపేయాలనుకుంటే లేచి రమ్మనండి" అంది పిన్ని. "రాదు కదా. అయితే ఉంచండి."

ఆయన చెయ్యి తీసేశారు.

"దీన్ని ఇలాగే తీసుకోండి" అన్నారు నల్ల కోటు కుర్రాయనతో.

"చాలా బాగుందండీ. కింద ఆ బూడిదరంగు అట్ట కనబడుతోంది, దాన్ని చెరిపేసి కిమోనో వేయిస్తాం. ఇప్పుడు అంతా చేయొచ్చు."

"వద్దు. చేతిలో అది లేకపోతే ఆవిడ అక్కడ ఎందుకు కూర్చుందో తెలియదు."

అందుకే పటంలో కింద ఒక బూడిదరంగు పట్టీ ఉంది. వచ్చినవాళ్లు దూరం నుంచి నమస్కారం చేసి, అది లైసెన్సు ఫొటో వెనకాల ఉండే రంగు అనుకున్నారు. యొనెహరా అత్త ముందే చెప్పింది కాబట్టి ఎవరూ దగ్గరికి వెళ్లి చూడలేదు. నాకు ఇప్పటికీ బాధగా ఉండేది అదే. చూసి ఉంటే, ఆ ముఖం లైసెన్సు ఆఫీసులో ఎవరూ పెట్టే ముఖం కాదని తెలిసేది.

జనవరిలో మంచు బాగా పడింది. వీధిలో బేరాలు లేవు. పిన్ని వండిన ముల్లంగి పులుసు గిన్నె ఇవ్వడానికి వెళ్తే, కడోవాకి గారు స్టూడియోలో పొయ్యి ముందు కూర్చుని ఉన్నారు. వీధిలో అనుకుంటున్న మాట ఆయన చెవిన పడింది.

"చెప్పమంటారా?" అన్నాను. యొనెహరా అత్తకి, అని అనలేకపోయాను.

"వద్దులే. అందులో చాలావరకూ నిజమే కదా." పొయ్యి మంట తగ్గించారు. "తొంభై రాయమని నేను ఒక్కసారే అన్నాను చినాత్సు. రెండోసారి అనలేదు. ఆవిడ మొండిది కాబట్టి అనలేదని అందరికీ చెప్పుకోవచ్చు. కానీ నాకూ అది తేలిగ్గానే ఉండేది. పొద్దంతా తీసి తీసి ఉంటాను. సెలవురోజు చేతిలో కెమెరా లేకుండా తిరిగితే భుజాలు తేలిగ్గా ఉండేవి."

నేను గిన్నె పట్టుకునే నిలబడ్డాను.

"చెర్రీ పూలు చూడ్డానికి వెళ్లేవాళ్లం ఏటా. బాగా పూసిన చెట్టు ఏదైనా కనబడితే ఆవిడ దాని కింద కాసేపు ఆగేది. ఊరికే. నా వైపు చూసేది. నేను చేతులు కట్టుకుని నిలబడేవాణ్ణి. పద అనేది. వెళ్లిపోయేవాళ్లం." ఆయన పొయ్యి వైపు చేతులు చాపారు. "ఊరందరినీ ఇటు చూడండి, ఇటు చూడండి అని బతిమాలి తీశాను. అడగకుండానే చూసిన మనిషిని మాత్రం తీయలేదు."

గిన్నె పొయ్యి మీద పెట్టి, "చల్లారిపోతుందండీ" అన్నాను. ఆయన తల ఊపారు. పులుసులో ఉప్పు సరిపోయిందని మర్నాడు పిన్నికి కబురు పంపారు.

ఫిబ్రవరి చివర్లో అందరం మేడ మీద గదికి వెళ్లాం. కడోవాకి గారు బిస్కెట్ల డబ్బా పట్టుకుని మొదటిసారి తానే వచ్చారు. ఆ డబ్బాలో రసీదులు ఎలా పెట్టాలో తెలియక నెలలన్నీ కలిపేశారు. పిన్ని విసుక్కుంటూనే వాటిని నెలల వారీగా సర్దిపెట్టింది. యొనెహరా అత్త తన వంతు ముగించుకుని, ఫోను మాట్లాడుతూ మెట్లు దిగి వెళ్లిపోయింది.

ఒగినో గారు నిరుడు తొమియె పెద్దమ్మ రాసిన కాగితం పక్కన పెట్టుకుని, దాన్ని చూస్తూ ఒక్కొక్కటీ అడిగారు. కరెంటు అంతే. నీళ్లు కొంచెం తగ్గాయి, ఇంట్లో ఒక్కరే కాబట్టి.

"కెమెరా వందే కదండీ?" అని, జవాబు కోసం చూడకుండానే రాయబోయారు.

"కాదు. తొంభై."

ఒగినో గారు కలం ఆపారు. "ఇంట్లో ఇప్పుడు ఫొటోలు తీయడానికి ఎవరు..." అని, మిగతా మాట మింగేసి, మెడ వెనక గోక్కున్నారు.

"ఒకటి ఉంచుకున్నానండీ" అన్నారు కడోవాకి గారు. "ఉంచుకుంటే సొంతం అవుతుందని ఆవిడ అనేది."

"ఒక్క ఫొటోకి పది వాటా ఎక్కువండీ. అంత అక్కర్లేదు. పన్ను ఊరికే పెరుగుతుంది."

"పెరగనివ్వండి" అన్నారు ఆయన.

ఒగినో గారు కెమెరా ఎదురుగా తొంభై అని రాశారు.